నల్లమల కాలిబాటలు

దేశచరిత్ర యనగా రాజుల వంశావళులును, యుద్ధముల తేదీలును మాత్రమే యని తలచుట మనకు చిరకాలముగా నలవడినది. ఏ రాజు ఏ కోటను ఏ సంవత్సరమున పట్టెనో మన విద్యార్థి తడుముకొనక చెప్పగలడు. కాని ఆ కోటకు ఉప్పు ఏ దారిని వచ్చెనో, ఆ కోట వెనుకనున్న కొండమీది దేవుని చూచుటకు జనులు ఏ దారిని నడచి పోయిరో యడిగినచో మిన్నకుండును. ఆ తప్పు విద్యార్థిది కాదు. అతని పుస్తకములలో ఆ సంగతి లేదు.

కాలిబాటకు కర్త యనువాడు లేడు. ఒకరి యడుగుపై నొకరడుగు వేయగా గడ్డి నలిగి, రాయి నునుపై, బాట యేర్పడును. నడక మానిన రెండు మూడు వానకాలములలోనే ముండ్లపొదలు దానిని కప్పివేయును. కోట కూలినను గోడలు మిగులును, గుడి పడినను శాసనశిల మిగులును. మెట్లును బావియు లేని బాట మాత్రము గురుతైనను మిగుల్చక నశించును. కావుననే చరిత్రకారుడు ముందుగా వ్రాసికొనవలసినది దానినే. నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో నివసించు మనకు ఈ కర్తవ్యము మరింత దగ్గరిది. వేయేండ్లకు మించి ప్రజలు నడచిన బాటలు మన తూర్పు దిక్కుననే కలవు.

మన సీమ స్వరూపము నొకసారి తలచుకొందము. పడమట ఎఱ్ఱమలలు, తూర్పున నల్లమలలు. నడుమ కుందేరు పారెడు నల్లరేగడి మైదానము. నల్లమలలు ఉత్తరమున కృష్ణ మొదలుకొని దక్షిణమున పెన్న వఱకు గోడవలె నిలిచియున్నవి. ఈ గోడకు పూర్వకాలమున ముఖ్యమైన కనుమలు రెండు. నంద్యాలనుండి గిద్దలూరివైపు పోవునది నందికనుమ. ఆత్మకూరునుండి దోర్నాలవైపు పోవునది మంత్రాలమ్మ కనుమ. కోస్తాలోని ఉప్పుకొటారుల ఉప్పును ఎద్దులపై వేసికొని బంజారాలు ఈ కనుమలగుండ లోపలి సీమలకు తెచ్చుచుండిరి. పిమ్మట రైలుమార్గమును నందికనుమ సీమనే వెదకికొని కొండను దాటినది. ఇంజనీరు పటము గీయకమునుపే ఎద్దుడెక్క దారిని కనిపెట్టి యుంచినదన్నమాట.

వర్తకులకు కనుమలెట్టివో భక్తులకు అహోబిలము, శ్రీశైలము అట్టివి. ఆళ్లగడ్డకు ఇంచుమించు ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున దిగువ అహోబిలమున్నది. అచటినుండి భవనాశి యేటి లోయవెంట ఎనిమిది కిలోమీటర్లు పోయినచో ఎగువ అహోబిలము. ఆపైని కొండలలో జ్వాలానరసింహుడు, మాలోలుడు, వరాహనరసింహుడు, అడవిలో పావననరసింహుడు, దిగువన యోగానందుడు, ఛత్రవటుడు, భార్గవుడు, త్రోవప్రక్కన కారంజనరసింహుడు. ఎగువ గుడిలోని అహోబలేశునితో కలిపి తొమ్మండుగురు. బండి పోవు దారి ఎగువ అహోబిలముతో ముగియును. జ్వాలకు పోవువాడు ఏటిరాళ్లపై కాలు నిలుపుకొనుచు, కొండచఱియను పట్టుకొని నడువవలసినదే. ఉగ్రస్తంభమను శిఖరమును చేరువాడు చేతులనుగూడ కాళ్లుగా చేసికొనవలసినదే.

ఈ దారి కాఠిన్యము క్రొత్తగా చెప్పబడినది కాదు. ఆళ్వారులలో నొకడైన తిరుమంగై యీ క్షేత్రముపై పది పాశురములు పాడెను. అందు దైవముతోపాటు అడవియు వర్ణితమైనది. ఎండకు మాడిన రాతినేలయు, వేటగాండ్రును, క్రూరమృగములును కలిగి, దేవతలకు దక్క నితరులకు చేర శక్యము కానిదని యాతడు చెప్పెను. చేర శక్యము కానిదని పాడిన పాటయే తరతరముల వారిని అచటికి చేర్చుట వింతగా లేదా? దుర్గమమనుటయే నడచువానికి పిలుపైనది.

పాట పిలిచినది, రాజులు మెట్లు కట్టించిరి. పదునాలుగవ శతాబ్ది పూర్వభాగమున కొండవీటి రాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి (1325–1353) అహోబిలమునకును శ్రీశైలమునకును సోపానములు కట్టించినట్లు ప్రసిద్ధి. ఆతని యాస్థానకవి ఎఱ్ఱాప్రగడయే నృసింహపురాణమును తెనిగించెను. ఆ శతాబ్దపు కడపట విజయనగరపు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ శ్రీశైలమున పాతాళగంగకు దిగు మెట్లను కట్టించెను. కళింగ దండయాత్ర దినములలో, 1515–16 ప్రాంతమున, కృష్ణదేవరాయలు అహోబిలమును దర్శించి ఆభరణములను గ్రామమును సమర్పించెను. వీరి దానములలో నాకు మిక్కిలి విలువగలవిగా తోచునవి మెట్లు. ఆభరణమును దొంగ యెత్తుకొనిపోవచ్చును. గ్రామము చేతులు మారవచ్చును. మెట్టు మాత్రము కట్టించినవారి పేరెరుగని ముసలిదాని మోకాళ్లకుగూడ నేటికిని మేలు చేయుచునే యున్నది.

అహోబిలమునకు సంబంధించిన మరియొక నడక కలదు. ఇది భక్తుడు దేవునికడకు పోవు నడక కాదు. దేవుడు భక్తునికడకు వచ్చు నడక. సంక్రాంతి మరునాడు, కనుమ దినమున, ప్రహ్లాదవరదుడును జ్వాలానరసింహుడును పల్లకినెక్కి పారువేటకు బయలుదేరుదురు. నలువది దినములకు తక్కువగాక ముప్పదికి పైబడిన గ్రామములు తిరిగి, తమ తిరునాళ్లవేళకు కొండకు మరలుదురు. చెంచులక్ష్మిని పెండ్లాడిన నరసింహుడు అత్తవారి సీమయంతయు తిరిగి, జరుగబోవు ఉత్సవమునకు జనులను పిలుచుటకు వచ్చునని పల్లెలవారి వాడుక. ఏ ఊర ఏ దినము పల్లకి దిగవలెనో, ఏ తెలుపుపై నిలువవలెనో, ఎవరు భుజము పట్టవలెనో అన్నియు వాడుకచేతనే నిర్ణయమై యున్నవి. మన ప్రాంతమున తెలుపనగా పల్లకి దింపు అరుగు. కాగితముపై వ్రాయని యీ క్రమము ఊరూరను కలిపి కట్టిన యొక దారిపటమే. అది ముసలివారి నోటను పిల్లవాండ్ర కాళ్లలోను నిలిచియున్నది. కొండ యెక్కలేని రోగికిని, పొలము విడువలేని కూలివానికిని దేవుడే నడచి రావలెనని తలచిన పూర్వుల బుద్ధి మెచ్చదగినది. ఈ తలంపునే విద్యాలయములయందును వైద్యాలయములయందును మనము చూపియుండినచో ఎంత బాగుండెడిది!

ఇక శ్రీశైలపు దారి. పదుమూడవ శతాబ్దపు వాడని తలపబడు పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రయందు ఒక ప్రకరణమునకు పర్వతప్రకరణమనియే పేరుపెట్టి, శివరాత్రికి శ్రీగిరి కేగు యాత్రికులను వర్ణించెను. అతనికి ముందు శతాబ్దమున కన్నడదేశమునుండి అక్కమహాదేవి ఒంటిగా నడచి వచ్చి శ్రీశైలమున సిద్ధిపొందెనని చెప్పుదురు. ఇంటి గడప దాటుట ఆడుదానికి తగదని వాదించువారు, ఎనిమిదివందల యేండ్ల క్రిందట యొక యువతి కల్యాణమునుండి నల్లమల వఱకు నడచినదను సంగతిని ఏమి చేయుదురో తెలియదు. ఆమెను పూజింతురు, తమ కూతును మాత్రము పొరుగూరికి ఒంటిగా పంపరు!

మన ప్రక్కనుండి పాత దారి ఆత్మకూరు మీదుగా పోవును. నాగలూటి వీరభద్రుని గుడి, పెచ్చెరువని జనులు పిలుచు పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారము: ఇవి మజిలీలు. ప్రతి మజిలీయు ఒక నీటిచోటు. ఈ దారిని వేసినవారికి దూరము ప్రధానము కాదు, నీరు ప్రధానము. భీముని కొలనుకడ దారి నిట్టనిలువునా మెట్లమీదుగా లోయలోనికి దిగి, నీటిని తాకి, మరల ఆవలిగట్టున మెట్లెక్కి కైలాసద్వారమును చేరును. ఉగాదికి కన్నడ భక్తులు వేలకొలదిగా, కొందఱు వందల కిలోమీటర్ల దూరమునుండి, నేటికిని ఈ త్రోవనే మల్లయ్యకడకు నడచి వచ్చుచున్నారు. నాగలూటి, పెచ్చెరువులకడ చెంచుగూడెములు కలవు. అడవిలో దారి తప్పినవానికి చెంచువాడే దిక్కు. ఏ చెలమలో ఏ మాసమున నీరుండునో, ఏ పొదవెనుక ఎలుగుబంటి యుండునో తెలిసినవాడు వాడే. శాసనములలో ప్రభువుల పేరులు కలవు గాని, ఆ ప్రభువులకు అడవిలో త్రోవ చూపినవారి పేరులు కానరావు.

ఈ దారులను గూర్చి వ్రాసి యుంచిన ఇద్దఱిని తలచుకొనుట మన విధి. మొదటివాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండునకు పడమటి సముద్రములోనున్న లూయిస్ దీవియందలి స్టార్నోవేలో పుట్టి, సైనికోద్యోగియై వచ్చి, 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరల్ అయ్యెను. అతడు 1794లో శ్రీశైలమును దర్శించి వ్రాసిన దినచర్యాభాగము కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటములలో అచ్చయినది. అయినను అతడు మనకు చేసిన మహోపకారము ఆ వ్యాసము కాదు. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను తెలుగు సోదరుల సాయమున ఊరూరి కైఫీయతులను సేకరింపించుటయే ఆ యుపకారము. కరణముల కవిలెకట్టలలోను వృద్ధుల నోళ్లలోను ఉన్న చరిత్ర వారి మూలమున కాగితమున కెక్కినది.

రెండవవాడు మనవాడే. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరెను. కడప దాటి అహోబిలమును సేవించి, మహానంది చూచుకొని, ఆత్మకూరు దారిని శ్రీశైలమున కేగి, అచటినుండి హైదరాబాదునకు పోయెను. త్రోవ పొడవునను మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు తన యాత్రావృత్తాంతమును వ్రాసి పంపుచుండెను. పిళ్లయే దానిని 1838లో అచ్చు వేయించెను. అప్పటికి రెండేండ్ల ముందే వీరాస్వామయ్య గతించెను. ఏ ఊర మంచినీళ్లున్నవి, ఏ ఊర బియ్యము దొరకును, ఎచట దిగుటకు వసతి కలదు, ఎచట సుంకము పట్టుదురు అను వివరములను అతడు విడువలేదు. శ్రీశైలము నాడు కందనవోలు నవాబు ఏలుబడిలో నుండెను. యాత్రికుల యొద్ద సుంకము గైకొని స్థలమును బాగుచేయింపని నవాబు పాలనను అతడు దాచక విమర్శించెను. మన భాషలో మొదటి యాత్రాచరిత్రలలో నొకటియైన యీ గ్రంథము ముక్కంటి స్తోత్రముతోపాటు ముల్లుబాటను గూర్చియు చెప్పుటచేతనే నేటికిని చదువదగినదై యున్నది.

అయినను ఇచట ఒక మాట. వీరాస్వామయ్య పల్లకిలో పోయెను. ఆ దారిని తమ పాదములతో కొలిచినవారు పల్లకి మోసిన బోయీలును, సామానులు మోసిన కావటివాండ్రును. వారు లేనిదే కాశీయాత్రాచరిత్ర లేదు. చదువుకున్నవాడు కూర్చుండవలెను, చదువులేనివాడు నడువవలెను అను విభాగము మన సంఘమున నంతగా నాటుకొనినది. పల్లకి పోయి మోటారు వచ్చినను ఆ మనస్సు మారలేదు. నడచిపోవు వకీలును చూచి, కేసులు లేవు కాబోలునని జాలిపడుదుము. నడచి బడికి వచ్చు పంతులును చూచి, జీతము చాలలేదనుకొందుము. నడక పేదఱికమునకు గుర్తు, బండి గౌరవమునకు గుర్తు అను భ్రమ పోనంతవఱకు మన బాటలను ఏ శాసనమును బ్రతికింపలేదు.

ఈ భ్రమ మనకే కాదు, ఇంగ్లండునకును ఒకప్పుడుండెను. పదునెనిమిదవ శతాబ్దమున దారిని నడచి పోవువానిని దేశద్రిమ్మరిగానో దొంగగానో చూచుచుండిరి. కవియగు వర్డ్సువర్త్ మొదలగువారు కొండలలో వినోదముగా నడచుటను గౌరవప్రదముగా చేసిరి. ఆతని కాళ్లు జీవితమున లక్షా డెబ్బదియైదువేల మైళ్లకు తక్కువగాక నడచియుండునని డిక్విన్సీ లెక్కవేసెను. గౌరవము వచ్చిన పిమ్మట హక్కు మాట వచ్చినది. భూస్వాములు ఊరుమ్మడి బయళ్లకు కంచెలు వేయగా, వానిని కాపాడుటకు 1865లో ఒక సంఘము పుట్టినది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు మొదలగు పట్టణముల కార్మికయువకులు కొన్ని వందలమంది, డెర్బీషైరులోని కిండర్ స్కౌట్ అను కొండబయలుపైకి, ప్రభువుల పక్షివేటకై మూయబడిన దారినే, నిషేధమును లెక్కింపక నడచిరి. వారిలో ఐదుగురు చెరసాల పాలైరి. 1949లో పార్లమెంటు శాసనము చేసి, ప్రతి జిల్లాలోను కాలిబాటల పటములను సిద్ధము చేయవలెనని విధించెను. 1965లో ఆ కొండల వెన్నుపూసవెంట 268 మైళ్ల పెన్నైన్ వే యను నడకదారి తెరువబడెను. ప్రజలు ఇరువది సంవత్సరములు అడ్డులేక హక్కుగా నడచినచో అది ప్రజల బాటయే యని ఆ దేశపు చట్టము ఊహించును. అందుచే నేడు పైరుపొలముల నడుమగూడ అచటి సామాన్యుడు దారిపటము చేతబట్టి నిర్భయముగా నడచుచున్నాడు.

ఆ దృష్టాంతమును యథాతథముగా ఇచటికి తేరాదు. కిండర్ బయలున దారికడ్డము నిలిచినది ప్రభువుల వేటవినోదము. నల్లమలలో దారికడ్డము నిలుచునది పులి. నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల యభయారణ్యము 1983లో ఏర్పడినది. అహోబిలము వైపునున్న గుండ్లబ్రహ్మేశ్వరపు అడవియు పిమ్మట అభయారణ్యమైనది. పులికి ఓటు లేదు, వకీలు లేడు. దాని పక్షమున అటవీశాఖ నిలుచుట న్యాయమే. శివరాత్రి, ఉగాది దినములలో పాత దారిని యాత్రికులకు తెరచి, తక్కిన దినములలో అడవికి విడుచుట మంచి రాజీ. పులికంటె ముందునుండియు చెంచువాని హక్కును తలచుకొనవలెను. అడవిలో తరతరములుగా నివసించువారికి అడవియందు హక్కు కలదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. యాత్రికుడు అడవికి అతిథి. అతిథి ఇంటివారి కంచములో చెత్త వేయడు. కాని పండుగ ముగిసిన మరునాడు భీముని కొలను మెట్లపై మిగులు ప్లాస్టిక్ సీసాలను చూచినచో, మన భక్తి పాదములకు వచ్చినంతగా చేతులకు రాలేదని తోచును.

బాటకు పులికంటె గొప్ప శత్రువు మఱపు. శ్రీశైలపు ఆనకట్ట పనులు 1960లో ఆరంభమై 1981లో ముగియులోపల తారుదారులు కొండ యెక్కినవి. రెండు మూడు దినముల ప్రయాణము కొన్ని గంటలైనది. ఇది మేలే. రోగులును, వృద్ధులును, పసిపిల్లల తల్లులును సుఖముగా పోవుచున్నారు. కాని బస్సులో పోయిన బాలుడు శ్రీశైలమును చూచును, నల్లమలను చూడడు. రెండు తరములు గడచినచో భీముని కొలను పేరు పండుగ నడకవారికే మిగిలి, చిన్న మజిలీల పేరులు ఎవరికిని మిగులవు.

కావున చేయవలసిన పనులు కొన్ని కలవు. ఇందేదియు ప్రభుత్వ ద్రవ్యమునకై వేచియుండవలసినది కాదు. మొదటిది, బాటలకు కైఫీయతు వ్రాయుట. కావలి సోదరులు ఊళ్లకు చేసిన దానిని మన విద్యార్థులు దారులకు చేయవచ్చును. ఆళ్లగడ్డ, రుద్రవరము, సిరివెళ్ల పల్లెలలో పారువేట పల్లకి పోవు త్రోవ యేది, తెలుపు లెన్ని, బావులెవరు త్రవ్వించిరి, ఏ చెట్టుక్రింద చలిపందిరి వేయుదురు అని తాతలనడిగి వ్రాసికొన్నచో, ఒక వేసవి సెలవులలో ఒక గ్రంథము సిద్ధమగును. చెంచులు చెప్పినది చెంచుల పేరనే వ్రాయవలెను.

రెండవది, నడకను చదువులో భాగము చేయుట. దీనికి అడవే కావలెనను నియమము లేదు. నంద్యాల చుట్టును నవనందులు కలవు. ప్రథమనంది, నాగనంది, సోమనంది పట్టణమునందే యున్నవి. తక్కినవి తూర్పున కొండపాదముకడ, మహానంది వైపున నున్నవి. కార్తికమున భక్తులు తొమ్మిదింటిని దర్శింతురు. ఈ త్రోవను పిల్లలు రెండు మూడు దినములుగా పంచుకొని నడచినచో, కాలువ నీటి వరిమడి యేదో, కొండయూట మడుగేదో, రేగడి యెచట ముగిసి గరుసునేల యెచట మొదలగునో పాదములతోనే నేర్చికొందురు. ఆడపిల్లలను ఇంట నుంచి మగపిల్లలను మాత్రము పంపుట తగదు. అన్ని కులముల బిడ్డలును ఒకే కుండ నీళ్లు త్రాగి ఒకే చెట్టుక్రింద అన్నము తినవలెను. నడచి యలసినవాడు ప్రక్కవాని కులమును అడుగుటకంటె ముందు నీళ్లడుగును. ఆ నీళ్లు ఎవరి చేతినుండి వచ్చినను త్రాగుట అలవడినచో, ఒక దినపు నడక పది ఉపన్యాసముల పని చేయును.

మూడవది, గృహస్థులు తామే నడచి చూపుట. ఏడాదికొకసారి దిగువ అహోబిలమునుండి ఎగువకు ఎనిమిది కిలోమీటర్లు భవనాశి వెంట నడచుటకు దేహదార్ఢ్యము గొప్పది కానక్కరలేదు. తెల్లవారుజామున బయలుదేరవలెను. నీళ్లు తోడుండవలెను. అడవిలోనికి పోవునపుడు అనుమతియు, దారి తెలిసినవాని తోడును ఉండవలెను. తెచ్చిన చెత్తను తిరిగి తీసికొనిపోవలెను. కట్టుబాట్లు ఇంతే. త్రోవ చూపిన చెంచువానికి కూలి యిచ్చుటయే చాలదు. అతని ప్రక్కన కూర్చుండి అతని మాట వినవలెను. ఏ మొక్క వేరు ఏ జ్వరమునకు పనికివచ్చునో, ఏ పక్షి కూత దేనికి గుర్తో మన పుస్తకములలో కంటె అతనియొద్దనే ఎక్కువ కలదు.

మెట్లు కట్టించుటకు వేమారెడ్డి వంటి ప్రభువు కావలెను గాని, ఆ మెట్లను బ్రతికించుటకు సామాన్యుని పాదము చాలును. రాజ్యములు మారినను, దండులు వచ్చి పోయినను, సుంకములు హెచ్చినను తగ్గినను, నల్లమల బాట మన తరము వఱకు తెగక వచ్చినది. అది మన తరములో తెగినచో దానికి ఏ నవాబును నిందింప వీలుండదు. ఈ శీతకాలమున పారువేట పల్లకి మీ ఊరికి వచ్చినపుడు, హారతి పట్టి లోనికి పోవక, పిల్లలను వెంటబెట్టుకొని పొలిమేర వఱకైనను దానివెంట నడచి పొండు. పొలిమేర దాటినపిమ్మట ఆ దారి యెచటికి పోవునో పిల్లలే యడుగుదురు.